ఆరోగ్యవంతుల శ్వాసనాళాలు ఎంత బిగుసుకుంటాయి: హనుమకొండ మెథాకోలిన్ ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: అసలు కొలిచేదేమిటి

మెథాకోలిన్ ద్రావణాన్ని సన్నటి తుంపరగా పీలిస్తే శ్వాసనాళాల గోడల్లోని కండరం బిగుసుకుని దారి ఇరుకవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు పలుచటి ద్రావణంతోనే ఇది జరుగుతుంది. లేనివాళ్లకు దానికి ఎన్నో రెట్లు చిక్కగా ఇచ్చినా ఊదే గాలి కొద్దిగానే తగ్గుతుంది. ఆ కొద్దిని నమ్మదగ్గ అంకెగా మార్చడమే ఈ ప్రాజెక్టు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుంచి శ్వాస జబ్బు లేని 18–50 ఏళ్ల వాళ్లను తీసుకుంటున్నాం.

చూసేది ఎఫ్‌ఈవీ1. నిండా పీల్చి బలంగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, లీటర్లలో. అది 20 శాతం పడడానికి పట్టే గాఢత పీసీ20. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 1999 మార్గదర్శకాల ప్రకారం పీసీ20 16 మి.గ్రా./మి.లీ. దాటితే మామూలు, 4–16 మధ్య అటోఇటో చెప్పలేని పట్టీ, 1–4 స్వల్ప అతిస్పందన, 1కి దిగువన మధ్యస్థం నుంచి తీవ్రం. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2017లో గాఢతను పక్కనపెట్టి మోతాదుతో లెక్కగట్టమంది. పీడీ20 (20 శాతం పడడానికి పట్టే మోతాదు) 400 మైక్రోగ్రాములు దాటితే మామూలు, 100–400 అటోఇటో, 25–100 స్వల్పం, 6–25 మధ్యస్థం, 6 లోపు తీవ్రం.

ఆరోగ్యవంతులతో చిక్కు ఇక్కడే. వాళ్లలో చాలామందికి ఆఖరి మెట్టు 16 దగ్గర కూడా 20 శాతం పడదు. ఫారంలో పీసీ20 గడిలో "16 కంటే ఎక్కువ" అని రాసి వదిలేయాల్సిందే. 2 శాతం పడినవాళ్లూ 18 శాతం పడినవాళ్లూ ఒకే గడిలో చేరతారు. రోగికి ఆస్తమా ఉండే అవకాశం తక్కువని చెప్పడానికి డాక్టరుకు అది చాలు. మామూలు అంటే ఎంత అన్న ప్రశ్నకు మాత్రం అది ఖాళీ గడే. కెనడాలో మాలో అనే పరిశోధకుడి బృందం 1983లోనే ఆరోగ్యవంతుల్లో 20 శాతంతోపాటు 6 శాతం మార్పుకు పట్టే గాఢతనూ లెక్కగట్టింది. మేం 20 శాతాన్ని పరీక్ష ఆపే హద్దుగా మాత్రమే ఉంచాం. అసలు కొలత వాలు: ఆఖరి మోతాదు దగ్గర ఎంత శాతం పడిందో, దాన్ని ఆ మోతాదుతో భాగిస్తే వచ్చేది. ఈ రెండు బిందువుల వాలును 1987లో ఒకానర్ బృందం వాడుకలోకి తెచ్చింది.

కాస్త అంకెలు చూడండి. ఎఫ్‌ఈవీ1 3.20 లీటర్లు ఉన్న మనిషికి 5 శాతం అంటే 160 మి.లీ. ఒకే మనిషి వెంటవెంటనే రెండుసార్లు ఊదితే వచ్చే తేడాకు స్పైరోమెట్రీ (ఊదిన గాలిని కొలిచే పరీక్ష) నియమాలు ఒప్పుకునే హద్దు 150 మి.లీ. మనం వెతికే మార్పూ, ఊదడంలోని తేడా కూడా ఒకే సైజులో ఉన్నాయన్నమాట. ఆస్తమా రోగిలో 30 శాతం పడితే నెబ్యులైజర్ (ద్రావణాన్ని తుంపరగా మార్చే పరికరం) తప్పయినా ఊదడం తప్పయినా దాని కింద కొట్టుకుపోతుంది. ఇక్కడ ఆ తప్పే ఫలితంగా కూర్చుంటుంది. ఈ డైరీలో మనుషుల కంటే గొట్టాల గురించి ఎక్కువ రాయాల్సి రావడానికి కారణం ఇదే.

జూన్ రెండో, మూడో వారాలు: నెబ్యులైజర్

ఎంచుకున్నది రెండు నిమిషాల మామూలు శ్వాస పద్ధతి. కాక్‌క్రాఫ్ట్, హార్‌గ్రీవ్ బృందం 1977లో హిస్టమిన్‌తో వివరించిన దారి ఇదే. మందు మాత్రం మెథాకోలిన్, ఎందుకంటే హిస్టమిన్‌తో తలనొప్పి, ముఖం ఎర్రబారడం ఎక్కువ. రెండో దారి అయిదు ఊపిరుల డోసిమీటర్, అంటే ఒక్కో ఊపిరికి కొలిచిన తుంపర వదిలే పరికరం. అందులో ప్రతి మోతాదునూ ఊపిరి నిండా పీల్చాలి. నిండు ఊపిరే నాళాలను సాగదీసి మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. స్పందన తక్కువగా ఉన్నవాళ్ల మీద ఈ దెబ్బ గట్టిగా పడుతుంది, మన వాళ్లందరూ ఆ కోవకే వస్తారు. 2017 ప్రమాణం కూడా మామూలు శ్వాస వైపే మొగ్గింది.

నెబ్యులైజర్ రైట్ (Wright) అనే రకం. మెడికల్ షాపులో ఇంటికి అమ్మే చిన్న మెషిన్ ఇక్కడ పనికిరాదు. దాని మోటారుకు ఒత్తిడి చాలదు, తుంపర బిందువులు పెద్దవి, ఔట్‌పుట్ రోజుకో తీరు. రైట్‌కు 50 పీఎస్ఐ దగ్గర స్థిరంగా వచ్చే పొడి గాలి కావాలి. సిలిండర్ గానీ ఆస్పత్రి గోడ లైను గానీ సరిపోతుంది. గేజ్ తర్వాత ఫ్లోమీటర్, ఆ తర్వాత నెబ్యులైజర్. ఈ వరస మార్చకూడదు.

ఔట్‌పుట్ నిమిషానికి 0.13 మి.లీ. రావాలి, 10 శాతం అటూ ఇటూ. 3 మి.లీ. సెలైన్ పోసి, బయటి తడి తుడిచి, తూకం వేస్తాం. రెండు నిమిషాలు నడిపి మళ్లీ తూకం. తేడా 0.26 గ్రాములు రావాలి, 0.234 నుంచి 0.286 దాకా ఫర్వాలేదు. నిమిషానికి 7 లీటర్ల గాలితో మొదలుపెట్టి అర లీటరు చొప్పున పైకీ కిందికీ జరిపి, ఒక్కో ఫ్లో దగ్గర వచ్చిన ఔట్‌పుట్‌ను గ్రాఫ్ మీద పెట్టి, 0.13 తగిలే ఫ్లోను ఆ నెబ్యులైజర్ ఒంటి మీదే మార్కర్‌తో రాస్తాం. ఒకే డబ్బాలోంచి తీసిన రెండింటికి కూడా ఫ్లో ఒకటి కాదు. కాబట్టి నంబరు వేయని నెబ్యులైజర్ గదిలోకి రాకూడదు.

తూకం యంత్రం అర మిల్లీగ్రాము తేడా పట్టేది కావాలి. అద్దాల గూడు మూసి, ఫ్యాన్ ఆపి, అంకె కదలడం ఆగాకే చదవాలి. జూన్ ఎండకు గదిలో కూలర్ పెడితే గాలిలో తేమ పెరిగి రెండు రోజుల రీడింగులు ఒకదానికొకటి పోల్చలేనివి అవుతాయి. ఏసీ మేలు. తుంపర లేస్తుంటే లోపలి ద్రావణం చల్లబడుతుంది. వెంటనే మళ్లీ నడిపితే రెండోసారి ఔట్‌పుట్ తక్కువ వస్తుంది. మధ్యలో గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. చేతిలో నిటారుగా ఉండాలి, కాస్త వాలినా లోపలి సన్న గొట్టానికి ద్రావణం అందక తుంపర తెగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది నీళ్లు. హనుమకొండలో బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే జెట్ రంధ్రం అంచున తెల్లటి సున్నపు పొర కడుతుంది. కంటికి కనిపించకముందే ఔట్‌పుట్ పడిపోతుంది. కడగడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ సెలైన్ ఎండకముందే. రంధ్రంలో సూది పెట్టి కెలికితే అది పెద్దదై ఇక ఆ నెబ్యులైజర్ పనికిరాదు. పొర కట్టినదాన్ని పలుచటి వెనిగర్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, మళ్లీ తూకం నుంచి మొదలు.

ఇంకో సంగతి. తూకంలో తగ్గినదంతా మందు కాదు. ఎక్కువ భాగం ఆవిరైపోయిన నీరు. ఉప్పూ మందూ కప్పులోనే మిగిలి, లోపలి ద్రావణం కొంచెం చిక్కబడుతుంది. నిజంగా నోటి దగ్గరికి ఎంత వస్తుందో తెలియాలంటే నోటి గొట్టం చివర ఫిల్టర్ పెట్టి, పంపుతో గాలి లాగుతూ, రెండు నిమిషాల తుంపరను పట్టాలి. ఫిల్టర్‌ను 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో జాడించి, నీటిలో ఎంత ఉప్పుందో చెప్పే కండక్టివిటీ మీటరు పెట్టాలి. 0.26 మి.లీ. సెలైన్‌లో 2.34 మి.గ్రా. ఉప్పు ఉంటుంది. అదంతా ఫిల్టర్ మీదికి వస్తే లీటరుకు 23.4 మి.గ్రా. చూపాలి. చూపేది దానికి చాలా తక్కువ. కొత్త ఫిల్టర్‌ను వట్టిగా జాడించి, దాని రీడింగు తీసేయడం మరిచిపోకూడదు.

16 మి.గ్రా./మి.లీ. ద్రావణం రెండు నిమిషాల్లో తూకం లెక్కన 4.16 మి.గ్రా. మందు పంపినట్టు కనిపిస్తుంది. యూరోపియన్ ప్రమాణం మాత్రం 16కి సమానంగా 400 మైక్రోగ్రాములే, అంటే 0.4 మి.గ్రా. రాసింది. ఆవిరి కొంత, ఊపిరి వదిలే సమయంలో వృథా అయ్యేది కొంత, నోట్లోనే అతుక్కునే పెద్ద బిందువులు కొంత తీసేస్తే మిగిలేది అదీ. పాత పేపర్లలో గాఢతలో రాసిన అంకెలను, కొత్తవాటిలో మోతాదులో రాసిన అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ పది రెట్ల తేడా గుర్తుండాలి.

జూన్ చివర: ద్రావణాలు

నాలుగేసి రెట్ల మెట్లు: 0.0625, 0.25, 1, 4, 16 మి.గ్రా./మి.లీ. 100 మి.గ్రా. వయల్‌లో 6.25 మి.లీ. సెలైన్ కలిపితే 16. అందులోంచి 3 మి.లీ. తీసి 9 మి.లీ. సెలైన్‌లో కలిపితే 4. దాంట్లోంచి 3, మళ్లీ 9 కలిపితే 1. ఇలాగే కిందికి. 16లోంచి 3 మి.లీ. పోగా మిగిలేది 3.25, నెబ్యులైజర్‌కు 3 పోతే ఇక మిగిలేది పావు మి.లీ. మాత్రమే. మధ్యలో 8 కావాల్సి వస్తే రెండో వయల్ విప్పాల్సిందే. ప్రతి మెట్టుకూ కొత్త సిరంజి వాడాలి. 16 తీసిన సిరంజి అంచున మిగిలిన చుక్క 0.0625 సీసాలో పడితే ఆ సీసా దాని లేబుల్ చెప్పే గాఢతలో ఉండదు.

పొడి తేమ పీల్చుకునే రకం. జులైలో వయల్ విప్పి టేబుల్ మీద పెట్టి టీకి పోతే వచ్చేసరికి గోడకు అతుక్కుని ఉంటుంది. కలిపినవి 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లో రెండు వారాలకు మించి ఉంచడం లేదు. అన్నిటికన్నా పలుచటిది ఏ రోజుకారోజే. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకూడదు. కరెంటు పోయిన గంటల్ని ఉష్ణోగ్రత లాగర్ చూసి రాయాలి. పరీక్షకు అరగంట ముందే బయట పెడితే గది వేడికి వస్తాయి, చల్లటి ద్రావణం ఔట్‌పుట్‌నే మార్చేస్తుంది.

మందు మనుషులకు వాడే ఫార్మా గ్రేడ్ అయి తీరాలి. కెమికల్స్ షాపులో దొరికే సీసా ఎంత శుద్ధమైనదని రాసినా వద్దు. 2001లో జాన్స్ హాప్కిన్స్‌లో, ఆరోగ్యవంతుల నాళాలు బిగుసుకోకుండా ఎలా నిలబడతాయో చూసే అధ్యయనంలోనే, హెక్సామెథోనియం పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు చనిపోయింది. పీల్చడానికి అనుమతి లేని ఆ మందు ఊపిరితిత్తులకు చేసే హాని గురించి 1950ల పేపర్లలోనే ఉంది, వెతకడంలో అవి తగల్లేదు. నైతిక కమిటీకి ఇచ్చే దరఖాస్తులో వయల్ బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పీల్చడానికి అనుమతి ఉందన్న కాగితం మొదటి పేజీలో పెట్టాం.

జులై: ఆరోగ్యవంతులంటే ఎవరు

ఈ ప్రాంతంలో ఈ ప్రశ్న పైకి కనిపించేంత తేలిక కాదు. "జబ్బేం లేదు" అన్న ప్రతివాళ్లూ పనికిరారు. మరీ వడకట్టినా చిక్కే. పొగ తాగని, అలర్జీ లేని, ఏసీ గదుల్లో పనిచేసే విద్యార్థుల్ని మాత్రమే తీసుకుంటే గీత చాలా బుద్ధిగా వస్తుంది, కానీ అది వరంగల్ గీత కాదు.

ఫోన్లో మొదటి వడపోత. దగ్గు, దమ్ము, పిల్లికూతల గురించి మనం మాట్లాడే మాటల్లోనే అడగాలి: "రాత్రి పండుకున్నంక ఛాతిల పిల్లికూతలు వస్తయా? చలికాలం దమ్ము పట్టుకుంటదా? చిన్నప్పుడు ఎవరన్న పంపు మందు ఇచ్చిన్రా?" "ఆస్తమా ఉందా" అని అడిగితే అందరూ లేదనే అంటారు. గత ఆరు వారాల్లో జలుబు, జ్వరం వచ్చినవాళ్లను వాయిదా వేస్తాం. వైరల్ జలుబు నాళాలను కొన్ని వారాల దాకా చురుగ్గా ఉంచుతుంది. వానాకాలం మొదట్లో దీనితోనే సగం పిలుపులు వాయిదా పడతాయి.

పని గురించి విడిగా అడగాలి. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు మోసేవాళ్లు, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దూదిలో ఉండేవాళ్లు, సిరిసిల్ల మరమగ్గాల మీది నుంచి వచ్చినవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు, కరీంనగర్ గ్రానైట్ క్వారీ వాళ్లు, సింగరేణి గనుల వాళ్లు. వీళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. వాళ్లను తీసేయడం లేదు, విడి గుంపుగా రాస్తున్నాం. దూది, మిర్చి, పొగాకు దుమ్ములో పనిచేసి వచ్చిన రోజు పరీక్ష చేయం. కట్టెల పొయ్యి మీద వండే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఫారంలో ఒక గడి అదనం.

పత్తి రైతుల విషయం ఇంకా జాగ్రత్త. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చేన్లలో ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి కొడతారు. ఇవి కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఆపేసే మందులు. మెథాకోలిన్‌ను ఒంట్లో విరగ్గొట్టేది ఆ ఎంజైమే. పోయిన వారం మందు కొట్టి వచ్చిన మనిషికి మన 4 మి.గ్రా. మెట్టే గట్టిగా, ఎక్కువసేపు పట్టుకోవచ్చు. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైము రోజుకు సుమారు ఒక శాతం చొప్పునే తిరిగి వస్తుంది. అందుకని మందు కొట్టి రెండు నెలలు దాటితేనే పిలుస్తాం, అనుమానముంటే రక్తంలో ఎంజైము చూస్తాం. ఈ ప్రశ్న పాశ్చాత్య ఫారాల్లో కనిపించదు. అక్కడ ఇదే ఎంజైమును ఆపే మయస్తీనియా (కండరాలు బలహీనపడే జబ్బు) మాత్రల దగ్గర ఆగిపోతారు.

మిగతా అడ్డంకులు అందరికీ తెలిసినవే: మూడు నెలల్లోపు గుండెపోటు, పక్షవాతం, అదుపులో లేని బీపీ, గర్భం, పాలిచ్చే తల్లులు, బీటా బ్లాకర్లు (ఒక రకం గుండె, బీపీ మందులు). ఎఫ్‌ఈవీ1కీ మొత్తం ఊదిన గాలికీ ఉన్న నిష్పత్తి మామూలు కింది హద్దుకు దిగువన ఉంటే వాళ్లు ఆరోగ్యవంతుల గుంపులోకే రారు.

ఆగస్టు: స్పైరోమీటర్, ఊదించడం

పొద్దున్నే 3 లీటర్ల సిరంజితో సరిచూడాలి. మెల్లగా, మధ్యస్థంగా, వేగంగా మూడు రకాల తోపుల్లో 2.91 నుంచి 3.09 లోపల రావాలి. సిరంజిని బీరువాలో దాచకుండా స్పైరోమీటర్ పక్కనే పెట్టాలి. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటి కాకపోతే అంకె తప్పుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలోకి 38 డిగ్రీల వరండాలోంచి తెచ్చిన సిరంజితో చేసిన సరిచూపు సరిచూపు కాదు.

ఊదించేవాళ్ల గొంతు కూడా పరికరమే. "నిండా పీల్చుండ్రి, ఇంకా, ఇంకా... ఊదుండ్రి! ఊదుండ్రి, ఆపకుండ్రి!" అని ప్రతి మెట్టులో ఒకే జోరుతో చెప్పాలి. మొదటి మెట్లలో ఉత్సాహంగా అరిచి చివరికొచ్చేసరికి నీరసపడితే, ఎదుటివాళ్లు కూడా నీరసంగా ఊదుతారు, అది మందు ప్రభావంగా నమోదవుతుంది.

ఈ పరీక్షలో దొంగ పతనాలన్నిటికీ ముఖ్యమైన కారణం పూర్తిగా పీల్చకపోవడం. పది, పన్నెండు సార్లు ఊదిన మనిషికి విసుగొస్తుంది, నిండేలోపే ఊదడం మొదలుపెడతారు. ఎఫ్‌ఈవీ1 200 మి.లీ. తగ్గుతుంది. అప్పుడు గ్రాఫ్ ఆకారం చూడాలి. నాళాలు బిగుసుకుంటే దిగే గీత లోపలికి వంగుతుంది, మొత్తం గాలి పెద్దగా తగ్గకముందే మొదటి సెకను తగ్గుతుంది. సగం పీలిస్తే గీత ఆకారం అదే, సైజు మాత్రం చిన్నది. ఇలాంటి ఊదుడును లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ ఊదిస్తాం, కానీ ఒక మెట్టుకు నాలుగుకు మించి కాదు. అలసట తగ్గించడానికి మందు మెట్లలో రెండు, మూడు సెకన్ల ఊదడం చాలు, మొత్తం ఖాళీ అయ్యేదాకా అక్కర్లేదు. పీల్చడం మాత్రం నిండుగానే.

మొదటి సెకనులో దగ్గు వస్తే ఆ ఊదుడు చెల్లదు. 16 దగ్గర గొంతు గరగరకు దగ్గు మామూలే. దగ్గడం వేరు, నాళం బిగుసుకోవడం వేరు. మిర్చి యార్డు వాళ్లకు దగ్గు ఎక్కువొచ్చినా గీత కదలకపోవచ్చు.

సెప్టెంబరు: ఒక పరీక్ష, మొదటి నుంచి

టీ, కాఫీ పొద్దున్నుంచి వద్దన్నాం. మామూలు కప్పు టీతో పెద్ద తేడా రాదన్న వాదన ఉంది కానీ, చిన్న అంకెల కోసం వెతికేటప్పుడు ఒక తేడా తగ్గినా మంచిదే. ముక్కు క్లిప్ పెట్టి, నోటి గొట్టం పళ్ల మధ్య పెట్టి, రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి. వదిలే గాలి ఫిల్టర్ గుండా పోవాలి. లేకపోతే గదిలో ఉన్న టెక్నీషియన్ కూడా రోజంతా మెథాకోలిన్ పీలుస్తారు. ఆస్తమా ఉన్న టెక్నీషియన్‌ను ఈ గదికి పంపకూడదు.

ముందు వట్టి సెలైన్. దాని తర్వాతి ఎఫ్‌ఈవీ1 మన అసలు మొదలు, ఇంటి నుంచి వచ్చినప్పటిది కాదు. సెలైన్‌కే 10 శాతం పైన పడితే మళ్లీ చేస్తాం, మళ్లీ పడితే ఆ రోజు ఆపేస్తాం. ప్రతి మెట్టు తర్వాత 30 సెకన్లకు, 90 సెకన్లకు ఊదిస్తాం, పెద్దది రాసుకుంటాం. ఒక మెట్టు మొదలుకీ తర్వాతి మెట్టు మొదలుకీ అయిదు నిమిషాలు, గడియారం పెట్టుకుని. ఈ వ్యవధి జరిగితే ముందు మెట్ల మందు మిగులు జరుగుతుంది, గీత వాలు మారుతుంది. 3.5 నిమిషాలు పీల్చడానికీ ఊదడానికీ పోగా మిగిలిన 90 సెకన్లలో నెబ్యులైజర్ మార్చాలి. ముందే వరసగా నింపి, నంబర్లతో పెట్టుకోకపోతే ఇది జరగదు.

సెలైన్ తర్వాత 3.20 అనుకుందాం. బోర్డు మీద రెండు అంకెలు రాసిపెట్టాలి: 2.88 (10 శాతం), 2.56 (20 శాతం). 2.88 తాకితే తర్వాతి మెట్టు నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లే. 2.56 తాకితే ఆపి, స్పేసర్‌తో (పంపుకు తగిలించే గొట్టం) నాళాలను విప్పే సాల్బుటమాల్ 200–400 మైక్రోగ్రాములు, పది నిమిషాలాగి మళ్లీ ఊదించడం. మొదటి విలువకు 10 శాతం లోపలికి వచ్చాకే ఇంటికి.

అక్టోబరు: లెక్క

పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహా వరస. సెలైన్ తర్వాత 3.20, ఆ తర్వాత వరసగా 3.22, 3.17, 3.14, 3.04, 2.91. 16 దగ్గర పతనం 9.06 శాతం. 400తో భాగిస్తే మైక్రోగ్రాముకు 0.0227 శాతం. మొదటి మెట్టులో ఎఫ్‌ఈవీ1 పెరిగింది చూడండి. ఊదడం అలవాటై అలా జరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో కొందరికి చివరిదాకా పెరిగే ఉంటుంది, వాలు మైనస్‌లో వస్తుంది. ఆ వాళ్లను తీసేస్తే గుంపు సగటు అబద్ధమాడుతుంది. మైనస్ అంకెకు లాగరిథమ్ ఉండదు కాబట్టి అందరి వాలుకీ ఒక స్థిరాంకం కలిపి, ఆపైన లాగరిథమ్ తీస్తాం. ఆ స్థిరాంకం ఎంతో ముందే ప్రొటోకాల్‌లో రాసిపెట్టాలి, డేటా చూశాక కాదు.

20 శాతం దాటినవాళ్లకు పీసీ20 కూడా లెక్కేస్తాం. 4 దగ్గర 8 శాతం, 16 దగ్గర 26 శాతం అనుకోండి. లాగ్ 4 అంటే 0.602, లాగ్ 16 అంటే 1.204. తేడా 0.602ను (20 − 8)/(26 − 8)తో గుణిస్తే 0.401. 0.602కి కలిపితే 1.003. ప్రతిలాగ్ సుమారు 10.1 మి.గ్రా./మి.లీ., మోతాదులో దాదాపు 250 మైక్రోగ్రాములు. మెట్లు రెట్లలో ఎక్కుతాయి కాబట్టి లాగ్ మీదే అడ్డగీత గీయాలి. మామూలు స్కేలు మీద గీస్తే 12 వస్తుంది, అది తప్పు.

ఈ మనిషికి ఏ లక్షణమూ లేదు, అయినా అటోఇటో పట్టీలో పడ్డాడు. అతనికి ఆస్తమా అని ఫోన్ చేయకూడదు. ఒకే మనిషికి పీసీ20 రెండు సందర్భాల్లో 1.5 రెట్టింపు మెట్ల దాకా, అంటే దాదాపు మూడు రెట్ల దాకా, అటూ ఇటూ అవుతుంది. 10 వచ్చినవాళ్లకు వచ్చే నెల 16 దాటి రావచ్చు. మామూలుకూ జబ్బుకూ మధ్య గోడ లేదు, రెండు గుంపుల గీతలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అయితే ఆకారంలో తేడా ఉంది. వుల్‌కాక్ బృందం 1984లో చూపినట్టు, ఆరోగ్యవంతుల గీత కొంత దిగాక చదునవుతుంది, మోతాదు పెంచినా ఇక పడదు. చదును స్పష్టంగా కనబడాలంటే 16 దాటి పోవాలి. మేం పోవడం లేదు, జబ్బులేని మనిషికి అంతకన్నా చిక్కటి ద్రావణం ఇవ్వడానికి కారణం చాలదు.

నవంబరు: నిండు ఊపిరి తీసేస్తే

ప్రాజెక్టులో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే. నిండు ఊపిరి తీస్తే ఆరోగ్యవంతుల నాళాలు సాగి విప్పుకుంటాయని నాడెల్, టియర్నీ 1961లోనే చూపారు. 1995లో స్క్లూట్, పెర్మట్, టోగియాస్ ఇంకో మెట్టు పైకెళ్లారు. నిండు ఊపిరి తీయకుండా ఆపి మందు ఇస్తే ఆరోగ్యవంతుల నాళాలు కూడా ఆస్తమా వాళ్లవి లాగే గట్టిగా స్పందించాయి. అంటే మనం పొద్దున్నుంచి కొలుస్తున్న "మామూలు"లో కండరం వాటా కొంత, ఊదించే ముందు మనమే చెప్పి తీయిస్తున్న నిండు ఊపిరి వాటా కొంత. ఎఫ్‌ఈవీ1 కొలవాలంటే నిండా పీల్చక తప్పదు కాబట్టి ఆ పరీక్ష తన ఫలితాన్ని తనే కొంత చెరుపుకుంటుంది.

అందుకని విడి రోజున ఒకే మోతాదు పరీక్ష. మొదటి స్పైరోమెట్రీ తర్వాత 20 నిమిషాలు నిండు ఊపిరి లేకుండా కూర్చోవాలి, ఆ స్థితిలోనే మందు పీల్చి, ఆపైన ఒక్కసారి ఊదాలి. వినడానికి తేలిక. ఆవలింత, నిట్టూర్పు, తుమ్ము, నవ్వు, మాట, ఏదొచ్చినా గడియారం మళ్లీ సున్నాకు. ఛాతీ చుట్టూ బెల్టు కట్టి ఊపిరి సైజు రికార్డు చేస్తే మామూలు దానికి రెట్టింపు దాటినది కనబడుతుంది. అడిగితే "తీయలే సార్" అనే అంటారు, నిట్టూర్పు మనిషికి తెలియకుండా వస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పిలిస్తే ఆవలింతలతోనే పూట గడుస్తుంది, పొద్దున తొమ్మిదికే పెట్టుకోవాలి. ఫోన్ ఇస్తే నవ్వుతారు.

మొదటి రోజు 1 మి.గ్రా./మి.లీ.కి మించకూడదు. ఎఫ్‌ఈవీ1 10 శాతం కూడా పడకపోతే, వేరే రోజున 4. మామూలు పద్ధతిలో 16కి కూడా కదలని మనిషి ఇక్కడ 4కే 20 శాతం పడొచ్చు, కాబట్టి సాల్బుటమాల్, ఆక్సిజన్, డాక్టరు గదిలోనే ఉండాలి, కారిడార్‌లో కాదు. ఊదాక వరసగా నాలుగు నిండు ఊపిరులు తీయించి మళ్లీ ఊదిస్తాం. ఆరోగ్యవంతుల్లో పోయినదాంట్లో కొంత అప్పటికప్పుడే తిరిగి రావాలి. ఎంత తిరిగొచ్చిందన్నది ఫారంలో విడి గడి.

దీనికి సరైన పరికరం ఆసిలోమెట్రీ. మామూలుగా ఊపిరి తీస్తుండగానే చిన్న గాలి అలలు పంపి 5 హెర్ట్జ్ దగ్గర నిరోధాన్ని కొలుస్తుంది, నిండా పీల్చాల్సిన అవసరమే రాదు. బుగ్గలు రెండు అరచేతులతో గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే అల బుగ్గల్లోనే పోతుంది. 30 సెకన్ల రికార్డులు మూడు, వాటి మధ్య తేడా సీవీలో (సగటులో శాతంగా చెప్పే చెదురు) 10 శాతం లోపు. అరువు తెచ్చిన యంత్రంతో ప్రస్తుతం మందు లేకుండా సెలైన్ రీడింగులు తీస్తున్నాం. డిసెంబరులో అదే మనుషులకు స్పైరోమెట్రీ పక్కనే పెట్టి 1, 4 మెట్లు చేయాలి. మిర్చి యార్డు గుంపును జనవరి చివర్లో కొత్త పంట రాక ముందే ముగించాలి, ఆ తర్వాత మే దాకా వాళ్లు దుమ్ము లేని రోజు దొరకరు.